గీరుపడని చేతులు

దీప చేతిలోంచి చాయ్ గ్లాసు జారి గచ్చు మీద పడింది. ముక్కలు మంచం కిందిదాకా చెదిరిపోయాయి.

“అగో!” అన్నాడు మొగిలయ్య, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. “తండ్రి పోలిక యాడికి పోతది? చూసుకోకుండ చెయ్యి పెట్టుడే.”

ఎనిమిదో తరగతి పిల్ల. తాత మంచం కిందికి వంగి గాజుముక్కలు ఏరసాగింది. గడప పక్కన ఒళ్లో చాట పెట్టుకుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్న వసంత చేతిలో కత్తెర ఆగింది.

“పొద్దుగాల్నే పొల్లను ఎందుకంటవ్ మామా? గ్లాసే కద.”

“గ్లాసు గురించి కాదు. నేను నలభై ఏండ్ల సంది తాటిచెట్లెక్కుతున్న. ఒక్కనాడన్న మోకుతాడు చూసుకోక చెట్టు ముట్టిన్నా? గసొంటి ఇంట్ల పుట్టినోడు, గాలిల ఊగే ఇనుప కట్టకు చేతులడ్డం పెడ్తడా? వాని పాణం వాడే తీసుకునె.”

నాలుగేళ్లుగా ఈ మాట ఆ ఇంట్లో ఉంది. దివాకర్ దుబాయిలో చనిపోయినప్పుడు కంపెనీ పంపిన కాగితంలో అలాగే రాసి ఉందని ఏజెంటు చదివి చెప్పాడు. మూడో అంతస్తు ఎత్తు నుంచి దించుతూ, క్రేను కొక్కేనికి వేలాడుతున్న చువ్వల కట్ట ఊగుతుంటే, ఎవరూ చెప్పకుండానే చేతులతో ఆపబోయాడట. అది కొట్టింది. తప్పు అతనిదే. మొగిలయ్య ఆ మాటను కల్లు మండువలో చెప్పాడు, చుట్టాల పెళ్లిళ్లలో చెప్పాడు, ఏడాది మాసికం నాడు కూడా చెప్పాడు. మొదట్లో వింటే వసంతకు ఏడుపొచ్చేది. తర్వాత దివాకర్ మీదే కోపం వచ్చేది. ఆ తర్వాత వింటూ ఆకు కత్తిరించడం అలవాటైంది.

కానీ దీప ఇంకా తల ఎత్తలేదు. ముక్కలు కాగితంలో వేసుకుని పెరట్లోకి వెళ్తూ, తనలో తాను అనుకున్నట్టు, “నేను చూసుకునే పట్టిన. తడిగ ఉండె గ్లాసు,” అంది.

మొగిలయ్య వినలేదు. వసంత విన్నది.

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు వసంత కోరుట్ల పోయి ఓపెన్ స్కూలు పదో తరగతి పాఠాలు వింటుంది. ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ కాబోతోంది. పది పాసైతేనే దరఖాస్తు తీసుకుంటారు. కోసిన ఆకులను తడిగుడ్డలో చుట్టి, చాట పైకి పెట్టి, చేతులకంటిన తంబాకు వాసన పోయేదాకా సబ్బుతో రుద్దుకుంది. సంచిలో పుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవరు పెట్టుకుంది. ఆధార్ కార్డు నుంచి దివాకర్ మరణ పత్రం దాకా ఇంట్లో ఉన్న కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. సెంటరులో ఎప్పుడేది అడుగుతారో తెలియదు.

సైన్సు చెప్పే నాహీద్ మేడమ్‌కు ఇరవై ఏడేళ్లు ఉంటాయేమో. తన ఎదుట కూర్చున్నవాళ్లలో సగం మంది తనకన్నా పెద్దవాళ్లని ఆమెకు మొదటిరోజు నుంచీ మొహమాటం. అందుకే పుస్తకం తక్కువ చదివించి, చేసి ఎక్కువ చూపిస్తుంది. ఆ రోజు అందరినీ బడి వరండాలోకి పిలిచింది. దూలానికి నైలాన్ తాడు కట్టి, దానికి నీళ్లు నింపిన క్యాను వేలాడదీసింది. దాని దారిలో స్టూలు మీద ఖాళీ నూనె డబ్బా పెట్టింది.

“బస్టాండ్ల సైకిల్ మెల్లగ అచ్చి తగిల్తె ఏం చేస్తం?”

“తిడ్తం మేడమ్.”

“లారీ గంతే మెల్లగ అచ్చి తగిల్తె?”

“తిట్టనీకె మనం ఉండం,” అన్నాడు వెనక నుంచి ఆటో నడిపే ఒకతను. అందరూ నవ్వారు.

“గదే ద్రవ్యవేగం. ఎంత బరువున్నదో, ఎంత వేగంగ అస్తున్నదో రెండూ కలిపి చూడాలె. తగిలినప్పుడు తన ఊపును అవతలి దానికి ఇస్తది.”

క్యానును పక్కకు లాగి వదిలింది. అది ఊగి వచ్చి డబ్బాను కొట్టింది. డబ్బా స్టూలు మీంచి ఎగిరి, వరండా దాటి, మెట్ల కింద దొర్లుకుంటూ పోయింది. దాని ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది.

“ఇప్పుడు చేతులతోని ఎవరు ఆపుతరు?”

ఆటో అతను ముందుకొచ్చి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. క్యాను వచ్చి అతని అరచేతులకు తగిలింది. ఆపాడు గానీ రెండడుగులు వెనక్కి జరిగాడు. చేతులు విదిలించుకుంటూ, “మంట పుడుతున్నయ్ మేడమ్. అయిదు లీటర్లకే గిట్లుంటే!” అన్నాడు. ఎర్రబడిన అరచేతులు అందరికీ చూపించాడు. తాడు ముడి తగిలిన చోట చర్మం గీరుకుపోయింది.

వసంత ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయింది.

దుబాయి నుంచి వచ్చిన పెట్టె మూత తీసినప్పుడు ముఖం చూడలేక ఆమె దివాకర్ కుడిచెయ్యి పట్టుకుంది. చల్లగా, శుభ్రంగా ఉంది ఆ చెయ్యి. వేళ్ల మొదట్లో కాయలు కాసిన గట్టిదనం అలాగే ఉంది. తర్వాత ఎడమచెయ్యి కూడా పట్టుకుంది. రెండిటి మీదా ఒక్క గీరు లేదు. భుజాలే లోపలికి కుంగిపోయి, మెడ పొట్టిదై, ఎవరో పైనుంచి అణిచినట్టు ఉన్నాడు మనిషి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అది చెప్పదగిన సంగతి అని అప్పుడు తెలియదు.

“మేడమ్,” అంది అందరూ క్లాసులోకి వచ్చి కూర్చున్నాక, లేచి నిలబడి. “ఊగుకుంట అచ్చింది తగిల్తె మనిషి పక్కకు పడ్తడా, ఉన్నకాడ్నే కూలబడ్తడా?”

“డబ్బాను చూసినం కద అక్కా. పక్కకే నూకేస్తది. బరువు ఎక్కువుంటే ఇంకా దూరం.”

“పైకెల్లి పడితె?”

నాహీద్‌కు ప్రశ్న నచ్చింది. బోర్డు దగ్గరికి పోయింది. “పైకెల్లి పడేది గురుత్వం. భూమి నిలువున కిందికే గుంజుతది, పక్కకు నూకది. ప్రతి సెకనుకు వేగం పెరుగుతనే ఉంటది. ఎంత ఎత్తు అనుకుందం?”

“మూడో అంతస్తు.”

“అంటె పది మీటర్లు.” సుద్దముక్క చకచకా కదిలింది. “ఒకటిన్నర సెకను సుత పట్టదు. కిందికొచ్చే వరకు గంటకు యాభై కిలోమీటర్ల వేగం ఉంటది. రోడ్డు మీద కారు పోయినట్టు.”

“కింద మనిషుంటె ఉరకచ్చా?”

“ఏడ ఉరుకుతరు అక్కా! తలెత్తి చూసే టైం సుత ఉండ...” నాహీద్ వెనక్కి తిరిగి వసంత ముఖం చూసి ఆగిపోయింది. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టింది. “ఎందుకడుగుతున్నరు?”

“ఊకనే మేడమ్,” అని వసంత కూర్చుంది.

క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. ఒకవైపు అరబ్బీ, ఇంకోవైపు ఇంగ్లీషు. నాహీద్ రెండుసార్లు చదివింది. ఏజెంటు అబద్ధం చెప్పలేదు. ఊగుతున్న చువ్వల కట్ట, మూడో అంతస్తు ఎత్తు నుంచి దించుతుండగా, చేతులతో ఆపబోయి అని అలాగే ఉంది. వసంత చేతుల సంగతి, భుజాల సంగతి చెప్పింది. నాహీద్ మళ్లీ కాగితం మీదికి వంగింది.

“అక్కా, నేను ఒక్కటే చెప్పగల్గుత. చేతులతోని ఆపితె ముందుగాల చేతులకే తగుల్తది. ఆడ ఏం జరిగిందో లెక్క చెప్పది. ఆడ ఉన్న మనిషే చెప్పాలె. కింద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టిన్రు. ఒకాయన నేపాలాయన ఉన్నట్టున్నడు. ఇంకొకాయన కొమురెల్లి, బుగ్గారం.”

వసంత కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ పేరు ఇంగ్లీషులో ఎక్కడుందో ఆమెకు కనబడలేదు. నాహీద్ వేలు పెట్టి చూపించింది.

“పెట్టె ఎంబడి అచ్చింది ఆయననే మేడమ్,” అంది వసంత. “మా ఇంట్ల మూడు దినాలున్నడు. నాకంటె ఎక్కువ ఏడ్చిండు.”

మంగళవారం జగిత్యాలలో బస్సు మారి బుగ్గారం చేరేసరికి పదకొండయింది. కొమురెల్లి సెలవు మీద వచ్చి నెలైందని, గురువారం తిరిగి పోతున్నాడని బస్సు దిగిన చోటే తెలిసింది. ఇంటి ముందు ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబోసి ఉన్నాయి. అతను లుంగీ పైకి కట్టి, కాళ్లతో వాటిని అటూ ఇటూ పొర్లిస్తూ నడుస్తున్నాడు. మోకాళ్ల దాకా పసుపు. వసంతను చూసి నడక ఆపాడు గానీ కుప్పలోంచి బయటికి రాలేదు.

“చెల్లె! ఒక్కదానివే అచ్చినవా?”

“ఆ అన్నా. ఒక మాట అడుగుదామని.”

ఆమె కాగితం బయటికి తీయలేదు. కవరు చేతిలో పట్టుకుని నిలబడింది. అతని చూపు కవరు మీదికి పోయి, ఇంట్లోకి పోయి, మళ్లీ కాళ్ల దగ్గరికి వచ్చింది.

“ఆయన చేతులకు ఒక్క గీరు లేకుండె అన్నా. నేను రెండు చేతులు పట్టుకొని చూసిన. ఊగే కట్టను ఆపినోని చేతులు గట్లుంటయా?”

కొమురెల్లి వంగి ఒక పసుపు కొమ్ము తీసి విరవబోయాడు. ఎండింది కాదు, వంగింది గానీ విరగలేదు. దాన్ని అలాగే చేతిలో తిప్పుతూ కుప్ప అంచున కూలబడ్డాడు.

“ఊగలె చెల్లె. పడ్డది,” అన్నాడు. “రెండు బెల్టులతోని కడ్తం కట్టను. అందుల ఒక బెల్టు తెగింది. దివాకర్ కింద వంగి ఇంకో కట్టకు బెల్టు ఏస్తున్నడు. నిలువున జారింది. నేను ‘దివాకర్’ అని మొత్తం అననే లేదు.”

వసంత నిలబడే ఉంది. కొమురెల్లి భార్య గడప దాకా వచ్చి, ఆమె ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది.

“బెల్టు పాతదని మీకెవ్వరికి ఎర్క లేదా?”

“వానికే ఎర్క. మూడు దినాల ముంగట ఫోర్‌మన్‌కు చూపెట్టిండు, అంచుకు పోగులు లేచినయ్ అని. ‘గీ స్లాబు అయినంక మారుద్దం’ అన్నడు ఫోర్‌మన్. వాడు వినక ఆఫీసు దాకా పోయిండు. మా అందరిల బెల్టు చేతులకు తీసుకొని వెన్కా ముంగట చూసేటోడు వాడొక్కడే చెల్లె. మేం నవ్వుతుంటిమి.”

ఆ మాటకు వసంత గోడను ఆనుకుని కూర్చుంది. నాలుగేళ్లలో ఆమె దివాకర్‌ను తిట్టుకున్న తిట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ‘పొల్ల యాదికి రాలేదా నీకు, చెయ్యి పెట్టేటప్పుడు’ అని పొయ్యి ముందు, బట్టలు ఉతికేచోట, ఆకు కత్తిరిస్తూ.

“మరెందుకు పెట్టినవన్నా సంతకం?”

“పాస్‌పోర్టులు వాళ్ల కాడ. సంతకం పెడ్తె వారంల పెట్టె పోతదన్నరు. లేకపోతె కేసయితది, ఆరు నెలలు మార్చురీలనే ఉంటదన్నరు. నువ్వు ఫోన్ల మొత్తుకుంటున్నవ్ ఎప్పుడు అస్తడని. నాకు గప్పుడు గదే వినపడ్డది.” అతను తల ఎత్తాడు. “రాసియ్యుమంటె ఇయ్యలేను చెల్లె, ఎల్లుండి మల్ల వాళ్ల కాడికే పోతున్న. కాని చెప్పుమంటె ఎన్నిసార్లన్న చెప్త. నేను దాచలె. గా దినమే చెప్పిన.”

“ఎవ్వలకు?”

కొమురెల్లి ఆశ్చర్యపోయినట్టు చూశాడు. తర్వాత, ఆమెకు నిజంగానే తెలియదని అర్థమై, చూపు దించుకున్నాడు.

“మీ మామకు. శంషాబాద్ కాడ అంబులెన్స్‌ల కూసున్నప్పుడే మొత్తం చెప్పిన. ఏడ్చిండు. కోడలికి చెప్పకు, తట్టుకోలేదన్నడు. మూడో దినం కంపెనీ మనిషి ఆయనకే ఫోన్ చేసిండు, కాగితం మీద లొల్లి చెయ్యకపోతె చిన్నకొడుక్కు పైసల్లేకుండ వీసా ఇస్తమని.”

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వసంత తల కిటికీ కడ్డీకి ఆనించింది. కొండగట్టు పోయే భక్తులెవరో వెనక సీట్లలో భజన అందుకున్నారు. ఆమెకు మరిది రాకేశ్ ముఖం కళ్ల ముందుకొచ్చింది. పోయేటప్పుడు ఇరవై ఒక్కేళ్లు. ‘అన్న లెక్క చెయ్య వదినా, జాగ్రత్తగ ఉంట’ అని ఆమెకే మాటిచ్చి పోయాడు. జాగ్రత్త పడితే చాలని అనుకుంటూ, మూడేళ్లుగా అదే కంపెనీలో అదే క్రేను కింద నిలబడుతున్నాడు.

ఇంటికి పోలేదు. ఊరి బయట బస్సు దిగి తాళ్లవనం వైపు నడిచింది. సాయంత్రం కల్లు గీతకు మొగిలయ్య చెట్టు మీద ఉన్నాడు. ఆకుల మధ్య గీతకత్తి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆమె చెట్టు కిందికి పోకుండా నాలుగు గజాల ఎడంగా నిలబడింది. మొగిలయ్య దిగుతున్నాడు. కాళ్లు దగ్గరకు తీసుకోవడం, నడుము చుట్టూ చెట్టు చుట్టూ తిరిగిన మోకును ఒక జానెడు కిందికి జరపడం, బరువు దాని మీద వేయడం. మళ్లీ కాళ్లు. అరవై ఆరేళ్ల మనిషి. ఒక్కచోట కూడా తొందరపడలేదు.

నేల మీద కాలు పెట్టి ఆమెను చూశాడు. “ఏమైంది? పొల్ల మంచిగున్నదా?”

“బుగ్గారం పోయచ్చిన మామా.”

మొగిలయ్య కల్లుకుండను కింద పెట్టాడు. మోకు విప్పి, ఎప్పటిలా రెండు చేతుల్లో పట్టుకుని, ముడి దగ్గర నుంచి వేళ్లతో తడుముతూ పోయాడు. సగం దాకా పోయి ఆగాడు. ఆ తాడును ఏం చేయాలో తెలియనట్టు అలాగే పట్టుకుని ఉన్నాడు.

“నిన్న మొన్నటి దాకా అన్నవ్ మామా. పొల్ల ముంగట అన్నవ్. నాకు చెప్పకపోతివి, పోనీ. ఊకుంటివా అంటె ఊకోకపోతివి. ఆయననే తప్పు చేసిండని ఊరంత చెప్తివి. ఎందుకు?”

పై ఆకుల్లో గాలి గలగలమంది.

“చిన్నోణ్ణి తోలియ్యాలె కద,” అన్నాడు చివరికి. “ఊళ్లె పనేమున్నది? చెట్లెక్కుత అన్నడా వాడు? పెద్దోడు జాగ్రత్త మనిషే, గయినా సచ్చిండు అంటె, చిన్నోణ్ణి నేను ఏమని తోలియ్యాలె? ఏం ధైర్యంతోని? అందుకే వాడే చూసుకోలేదన్న. అనంగ అనంగ నాకు సుత గట్లనే అనిపియ్యబట్టింది.” మోకు కింద పడేశాడు. “అనకుంటె నిద్ర పట్టకపోవు బిడ్డా.”

వసంతకు ఏదో అనాలని వచ్చింది. అరవాలని వచ్చింది. అతని కాళ్లు వణుకుతున్నాయి. దిగేటప్పుడు వణకని కాళ్లు. ఆమె కిందపడ్డ మోకు తీసి అతని భుజం మీద వేసింది. కల్లుకుండ తానే ఎత్తుకుంది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆ రాత్రి వసంత దీపకు తండ్రి సంగతి చెప్పింది, బెల్టు ఆఫీసు దాకా తీసుకుపోయి చూపించిన సంగతితో సహా. దీప ఏడవలేదు. “మల్లొక్కసారి చెప్పమ్మా,” అంది.

శుక్రవారం రాకేశ్‌కు సెలవు. మధ్యాహ్నం గది మనుషులంతా వంట చేసుకునే వేళకు ఫోన్ చేస్తాడు. వసంత ఫోను స్పీకరులో పెట్టి మంచం మీద ఉంచింది. మొగిలయ్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు. దీప తలుపు దగ్గర నిలబడింది.

ఆమె మొదటినుంచీ చెప్పింది. పోగులు లేచిన బెల్టు, ఫోర్‌మన్ మాట, నిలువున జారిన కట్ట. “ఒకటిన్నర సెకను సుత పట్టదు రాకేశ్. ఎంత జాగ్రత్తున్నా ఉరికే టైం ఉండది. కట్ట కిందికి పోకుండ ఉండుడు ఒక్కటే. లేకపోతె బెల్టు కొత్తదుండుడు. మనిషి జాగ్రత్త, గా రెండిటి తర్వాతనే.”

అవతల గిన్నెలు చప్పుడవుతున్నాయి. ఆమె ఒకసారి పేరు పెట్టి పిలిచింది.

“ఉన్న వదినా,” అన్నాడు రాకేశ్. “బాపుకు ఎర్కేనా?”

వసంత మొగిలయ్య వంక చూసింది. జవాబు ఆమె చెప్పొచ్చు, చెప్పకుండా దాటేయొచ్చు. ఏదీ చేయలేదు. మొగిలయ్య మంచం మీదికి వంగి ఫోనును రెండు చేతులతో తీసుకున్నాడు, నిండుకుండను పట్టుకున్నట్టు.

“ఎర్కే బిడ్డా. ఎర్కుండే నిన్ను తోలిచ్చిన.”

దీప తలుపు దగ్గర నుంచి కదిలింది. రాకేశ్ ఊపిరి ఫోనులో పెద్దగా వినబడింది.

“నేను గీ మూడేండ్లు అన్ననే తిట్టుకున్న బాపు,” అన్నాడు. “ఈడ కట్ట లేచినప్పుడల్లా. మొన్న తగిలిచ్చిన బెల్టు సుత మంచిగ లేదు. రేపటి సంది చూసినంకనే తగిలిస్త. పాతదుంటె తగిలియ్య. ఊకోరు వాళ్లు. ఇంటికి పొమ్మంటరు.”

“పొమ్మంటె రా.”

“అచ్చి ఏం చెయ్యాలె బాపు?”

“ఏదన్న చేద్దం. నువ్వైతె రా.”

దీప వచ్చి తాత పక్కన కూర్చుంది. అతను ఆమెను చూడలేదు గానీ, ఫోను ఆమెకూ వినబడేలా కొంచెం అటు జరిపాడు. అవతల గదిలో ఎవరో కేకేశారు, “రాకేశ్, బువ్వ సల్లారుతుంది, రా!” అని.

“అస్త,” అన్నాడు రాకేశ్.

ఎవరితో అన్నాడో వాళ్లకు తెలియలేదు. ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. కట్ చేయడం మొగిలయ్యకు రాదు. వసంత చెయ్యి చాపలేదు.